తొక్క ఉన్నవే తింది

శుక్రవారం సాయంత్రం మా పెదనాన్నగారి డాబా మీద మిమ్మల్ని కూర్చోబెట్టి వెళ్ళిపోయాను. అక్కడి నుంచే అందుకుంటాను. ఈ వారమే కొత్తగా చదువుతున్నవాళ్ళు కంగారుపడనక్కర్లేదు, ఈ కథలో ఉన్నవాళ్ళం కొద్దిమందిమే. కాకపోతే ముందే చెప్తున్నాను, ఈసారి నా దగ్గర సరదా మాటలు ఎక్కువ దొరకవు. ఆ సోమవారం పొద్దున్న మా వాకిట్లో జరిగింది తలుచుకుంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

తుపాను కోనసీమని ఊడ్చేసిన ఏడాదికి, తొంభై ఏడు ఆఖర్లో, మా మొగలిలంక పేటలో ఇళ్ళు కట్టడానికి ఒక సేవాసంస్థ తరఫున ఇద్దరు విదేశీ ఆడపిల్లలు వచ్చారు. నోరాది ఐర్లండు, రూత్‌ది ఇంగ్లండు. నోరా క్రైస్తవుల పిల్ల, రూత్ యూదుల పిల్ల. జీతం లేకుండా ఇటుకలు మోయడానికి సముద్రాలు దాటి వచ్చారని మా ఊళ్ళో సగం మంది నమ్మలేదు. వాళ్ళ మాట ఊరికీ, ఊరి మాట వాళ్ళకీ చెప్పే ఉద్యోగం నాది. నా పేరు పావని. రాజమండ్రిలో ఇంగ్లీషు ఎమ్మే చదివి, ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని ఈ పనికి ఒప్పుకున్నాను. ముగ్గురం ఉండేది మా పెదనాన్న సూర్యప్రకాశంగారి మేడ మీద. వండి పెట్టేది మా దొడ్డమ్మ పాపాయమ్మగారు.

తొంభై ఎనిమిది ఏప్రిల్లో గుడ్ ఫ్రైడే, యూదుల పస్కా పండుగ ఒకే రోజున పడ్డాయి. నోరాకి ఉపవాసం, రూత్‌కి విందు. ఇద్దరూ ఒకరి పండుగని ఒకరు వదిలిపెట్టకూడదని పంతం పట్టారు. రూత్ పొంగని రొట్టెలు కాల్చింది, చేదు కావాలంటే నేను వేపచిగురు కోసుకొచ్చాను, ఉడకబెట్టిన గుడ్డు ఉప్పునీళ్ళలో ముంచుకుని తిన్నాం. నోరా వేపాకు మాత్రం నమిలి, ఈ రోజుకి నాకు ఇదే సరైన భోజనం అంది. తన పూర్వీకులు బానిసత్వంలోంచి బయటపడ్డ కథ రూత్ చదువుతుంటే పడమటి ఎండ పోయేదాకా విన్నాం. ఆ సాయంత్రం మొదలు ఎనిమిది రోజులు రూత్ అన్నం తినదు. గోధుమలాంటి పులిసే గింజలతోపాటు బియ్యం, పప్పులు, ఆఖరికి ఆవాలు కూడా వాళ్ళింట్లో ఈ పండక్కి పనికిరావట. యూదుల్లో కొందరు తింటారు, కొందరు తినరు. రూత్ వాళ్ళు తిననివాళ్ళు. డెల్టాలో అన్నం తినని అతిథి అంటే మా వాళ్ళకి ఎలా ఉంటుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

మా దొడ్డమ్మ మంచిది. ఈ మాట ఇక్కడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కాసేపటికి నాకు చెప్పబుద్ధి కాదు. పొద్దుగూకే వేళ వచ్చిన బిచ్చగాణ్ణి కూడా ఆవిడ ఖాళీగా పంపదు. ధవళేశ్వరం నుంచి కాలవ పనులు చూడ్డానికొచ్చే ఇంజినీర్లైనా, కొవ్వూరు నుంచి వచ్చే వియ్యాలవారైనా, మా ఇంట్లో అన్నం తినకుండా ఎవరూ లేవరు అనేది ఆవిడ మాట. ఆ పేరు నిలబెట్టుకోడానికి ఆవిడ ఏమైనా చేస్తుంది.

శనివారం మధ్యాహ్నం రూత్ కంచం ముందు కూర్చుని, అన్నం వద్దని దణ్ణం పెట్టింది. బంగాళాదుంపలూ, గుడ్డూ, అరటిపండూ తిని లేచింది. దొడ్డమ్మ మొహం మాడిపోయింది. నేను వివరంగా చెప్పాను. మనం ఏకాదశి నాడు తినం, అలాంటిదేనా అని అడిగింది. అలాంటిదే అన్నాను. అంటే ఆవిడకి శుభ్రంగా అర్థమైందన్నమాట. అయినా ఇంటికొచ్చిన మనిషి కంచంలో అన్నం లేకపోతే అరిష్టమని, పూటపూటకీ గరిటెడు వడ్డించేది. రూత్ ముట్టేది కాదు. పనిమనిషి తలుపులమ్మ అంట్లు తోమడానికి వచ్చేలోపు దొడ్డమ్మే ఆ కంచం పట్టుకెళ్ళి గేదెల కుడితిగోలెంలో వంపేసి, చేయి కడుక్కుని, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చునేది. నేను చూసి నవ్వుకున్నాను.

ఇంక ఈస్టరు సంగతి. దానికి ముందు సువార్తమ్మ ఎవరో మీకు తెలియాలి. యాభై దాటిన మనిషి. మా పెదనాన్న చేలల్లో ఊడ్పులకీ, కోతలకీ ముప్పై ఏళ్ళుగా ఆడవాళ్ళని కూడగట్టుకుని వచ్చేది ఆవిడే. మొగుడు వెంకన్న తుపాను నాడు కొబ్బరిచెట్టు కింద పడి పోయాడు. ఇల్లు అంతకు ముందే ఎగిరిపోయింది. అప్పటి నుంచీ కొడుకు లోవరాజు, కడుపుతో ఉన్న కోడలు, ఆవిడ తాటాకు పాకలో ఉంటున్నారు. వానాకాలం వచ్చేలోపు కోడలు పురిటికి గోడలున్న ఇల్లు కావాలని ఆవిడ తాపత్రయం. పేటలో మొదట పూర్తయిన సిమెంటు ఇల్లు వాళ్ళదే. ఆ గోడలకి ఇటుకలందించి అందించి రూత్ అరచేతులు కాయలు కాశాయి.

రూత్ యూదుల పిల్ల అని తెలిసిన దగ్గర్నుంచీ సువార్తమ్మకి ఆ పిల్లంటే తగని ముద్దు. మా ప్రభువు పుట్టిన జాతి పిల్ల మా గోడ కడుతోంది అని పేటంతా చెప్పుకుంది. రూతమ్మా అని పిలిచేది. ఎండలో నిలబడితే తన పైటకొంగు తీసి ఆ పిల్ల నెత్తిన వేసేది.

ఈస్టరు తెల్లవారుజామున పేటవాళ్ళంతా సమాధుల దొడ్డికి వెళ్తారు. ముందు రోజే సున్నం వేసిన సమాధుల మీద బంతిపూలు చల్లి, కొవ్వొత్తులు వెలిగించి, వెలుగొచ్చేదాకా పాటలు పాడతారు. మేం ముగ్గురం వెళ్ళాం. వెంకన్న సమాధి మీద రూత్ కొవ్వొత్తి పెట్టి, పక్కన ఒక చిన్న రాయి కూడా పెట్టింది. పోయినవాళ్ళని చూడ్డానికి వెళ్తే రాయి పెట్టి రావడం వాళ్ళ ఆచారమట. సువార్తమ్మ ఆ పిల్ల చేయి పట్టుకుని ఏడ్చింది. ఆరాధన అయ్యాక నోరా, రూత్ కలిసి కొత్తింటి తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టారు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. అక్కడి దాకా అంతా బాగుంది.

మధ్యాహ్నం భోజనాలు కొత్తింటి అరుగు మీద. రూత్ అన్నం తినదని శనివారమే నేను లోవరాజుతో చెప్పి పంపాను. మనకి ఖర్చెందుకని మొహమాటపడుతోందిలే అనుకుందట సువార్తమ్మ. అసలే రూత్ ఇక్కడికొచ్చాక మాంసం ముట్టదు కాబట్టి ఆ పిల్ల కోసం విడిగా ములక్కాడా గుడ్డూ వేసి పులుసు పెట్టింది. సన్నబియ్యం అప్పు తెచ్చి వండింది. అరటాకు వేసి, నీళ్ళు చల్లి, ఆవిర్లు కక్కే అన్నం మధ్యలో వడ్డించి, ఆ పిల్ల ఎదురుగా కూర్చుంది.

రూత్ అన్నం ముట్టలేదు. పులుసులో పోపు ఉంది, పోపులో మినప్పప్పూ ఆవాలూ ఉన్నాయి, అదీ ముట్టలేదు. ఒక బొండాం నీళ్ళు తాగింది. పెంకు తీయని గుడ్డు అడిగి తీసుకుని ఒలుచుకు తింది. అరటిపండు తింది. తిని, రెండు చేతులూ జోడించి, తెలుగులో నేర్చుకున్న ముక్క, చాలా బాగుందండి అంది. నోరా, నేనూ కడుపు నిండా తిన్నాం, కానీ మమ్మల్ని ఎవరు చూస్తున్నారు? సువార్తమ్మ ఆ నిండు విస్తరి వైపే చూస్తోంది. ఇది వాళ్ళ పస్కా ఆచారమని నేను చెప్పాను. ఔనా అంది. నవ్వుతూనే విస్తరి ఎత్తేసింది.

పేటకొచ్చే పెద్దమనుషుల తిండి ఏంటో మీకు తెలుసో లేదో. బొండాం, అరటిపండు. మరీ ఆప్యాయత ఒలకబొయ్యాలంటే ఉడకబెట్టిన గుడ్డు. తొక్క ఉన్నదానికి మైల అంటదని మన పెద్దలు కనిపెట్టిన శాస్త్రం. ఓట్లకొచ్చినవాళ్ళూ, పరామర్శలకొచ్చినవాళ్ళూ అవి తిని, మేం మీ ఇంట్లో తిన్నాం అని ఊరంతా చెప్పుకుని, ఇంటికెళ్ళి స్నానం చేస్తారు. సువార్తమ్మ జన్మంతా అలాంటివాళ్ళనే చూసింది. ఏ పాపం ఎరగని రూత్ సరిగ్గా అవే ఏరుకుని తింది. ఇంగ్లండులో పుట్టిన పిల్లకి ఈ దరిద్రపు శాస్త్రం ఎవరు చెప్తారు? నాకైనా ఆ క్షణంలో తట్టలేదు.

అయినా సువార్తమ్మ నమ్మడానికే చూసిందట. కానీ ఆ సాయంత్రం బోరింగు దగ్గర మా తలుపులమ్మ కనిపించింది. మీ అమ్మగారింట్లో ఆ పిల్ల ఏం తింటోందని ఈవిడ అడిగింది. అమ్మగారైతే సుబ్బరంగా అన్నం తింటోందన్నారు అని తలుపులమ్మ చెప్పింది. శనివారం అంట్ల దగ్గర దొడ్డమ్మ కోసిన గొప్ప అది. దొడ్డమ్మ దృష్టిలో అది పెద్ద అబద్ధం కూడా కాదు, ఇంటి మర్యాద కోసం ఆడిన మాట. ఆ మర్యాద మాట బోరింగు దగ్గరికి చేరేసరికి కత్తి అయింది.

సోమవారం పొద్దున్న పెదనాన్న వరండాలో పడక్కుర్చీలో పేపరు చదువుతున్నారు. దొడ్డమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. నేను గుమ్మంలో కాఫీ తాగుతున్నాను. సువార్తమ్మ వీధి గేటు తీసుకుని లోపలికొచ్చింది. ఎప్పుడొచ్చినా పెరటి దారినే వచ్చే మనిషి. వెనకాల లోవరాజు గేటు దగ్గరే ఆగిపోయాడు. ఎదురింటి పల్లంరాజుగారు పళ్ళు తోముకుంటూ ఇదేదో చూడాల్సిందేనని తన గేటు దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"అమ్మగారూ, ఒక్క మాట అడిగి పోతానండి," అంది సువార్తమ్మ. "ఆ రూతమ్మ మీ ఇంట్లో అన్నం తింటోందా, తినట్లేదా?"

దొడ్డమ్మ ఎదురింటి వైపు చూసింది. పల్లంరాజుగారి భార్య కూడా బయటికొచ్చింది. ఆవిడకీ మా దొడ్డమ్మకీ వంటల దగ్గర్నుంచి వడ్డనల దాకా అన్నిట్లోనూ పోటీయే. ఇంటికొచ్చిన దొరసాని మూడు పూటలూ అన్నం ముట్టలేదని ఆవిడ ముందు ఒప్పుకోవడం కంటే దొడ్డమ్మకి నూతిలో దూకడం సుఖం.

"అదేం ప్రశ్నే సువార్తా? మా ఇంట్లో అన్నం తినకుండా ఎవరు లేస్తారే? సుబ్బరంగా తింటోంది."

సువార్తమ్మ కొంగుముడి విప్పి, తాళంచెవి తీసి అరుగు మీద పెట్టింది. మా ఇంట మెతుకు ముట్టని చేతులు కట్టిన ఇల్లు నాకొద్దండి, ఎవరికిచ్చుకుంటారో ఇచ్చుకోండి అంది. కోడలు పాకలోనే కంటుంది, నేనూ పాకలోనే కన్నాను అంది. లోవరాజు అక్కడి నుంచే అమ్మా అన్నాడు. ఆవిడ వెనక్కి తిరగలేదు.

నేను కాఫీ గ్లాసు పక్కన పెట్టి, రూత్ ఇక్కడ కూడా తినలేదని, దొడ్డమ్మ మాట నిజం కాదని గట్టిగానే చెప్పాను. దొడ్డమ్మ నన్ను కొరికేసేలా చూసింది. సువార్తమ్మ మాత్రం నా వైపు చాలా నిదానంగా చూసింది.

"మీరు ఈ ఇంటి పిల్లేనండి పావనిగారూ. ఆ అమ్మాయి ఏమందో నాకు తెలీదు, మీరు చెప్పిందే నాకు తెలుస్తది. ఇప్పుడు మీ దొడ్డమ్మగారు తిందంటన్నారు, మీరు తినలేదంటన్నారు. నన్ను ఇంటికి పంపించేయడానికి ఎవరికి అబద్ధం కావాలో నేను ఆలోచించుకోవద్దా అండి?"

ఆరు నెలలుగా నేను ఆ పేటలో తిరుగుతున్నాను. నా మాట మీద వాళ్ళు కాగితాలకి వేలిముద్రలు వేశారు, నా మాట మీద పాకలు విప్పి పునాదులకి జాగా ఇచ్చారు. ఇవాళ ఆ మాటకి పూచికపుల్ల విలువ లేకుండా పోయింది, అదీ మా దొడ్డమ్మ గొప్పల వల్ల. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఈ గొడవకి రూత్, నోరా మేడ మెట్లు దిగి వచ్చారు. జరిగిందంతా నేను ఇంగ్లీషులో చెప్పేసరికి రూత్ మొహం పాలిపోయింది. సువార్తమ్మ ఆ పిల్లని సూటిగానే అడిగింది. నిర్గమకాండం నేనూ విన్నాను, పులిసింది తినొద్దని ఉంది గానీ అన్నం తినొద్దని ఎక్కడుంది, నా అన్నం పులిసిందా అని. నేను మాట కూడా మార్చకుండా చెప్పాను. గ్రంథంలో లేదని రూత్ ఒప్పుకుంది. అది వాళ్ళ అమ్మమ్మ ఇంటి కట్టుబాటు. ఆ అమ్మమ్మ పోలండు నుంచి ప్రాణం ఒక్కటే దక్కించుకుని వచ్చిందట, వెనకాల మిగిలినవాళ్ళెవరూ బతకలేదట. ఆవిడ దగ్గర్నుంచి తనకి మిగిలింది ఈ పట్టింపులేనని, అందుకే ఎక్కడున్నా వదలనని చెప్పింది. చెప్తూ ఏడ్చింది. అదీ నేను తెలుగులో చెప్పాను.

సువార్తమ్మ అంతా విన్నది.

"పాపం, పెద్దావిడ," అంది. "కానీ అమ్మా, మా ఇంట తిననివాళ్ళందరూ వాళ్ళ అమ్మమ్మ పేరే చెప్తారు."

ఇది రూత్‌కి ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. ఎలాగో చెప్పాను. ఆ పిల్ల కళ్ళు తుడిచేసుకుని, ఇప్పుడే తింటాను, వెళ్దాం పద, నా పస్కా పోతే పోయింది అని చెప్పులేసుకోబోయింది. నోరా భుజం పట్టుకుని ఆపుతుంటే ఆ చేయి విదిలించేసింది. నేను చెప్పకుండానే సువార్తమ్మకి అర్థమైంది. వద్దు అంది. నా కోసం నీ దేవుడి దగ్గర మాట తప్పొద్దు, ఆ పాపం నా ఇంటికి చుట్టుకోకూడదు అంది. నాకు నీ తిండి కాదు, నిజం కావాలి, అది చెప్పాల్సింది అమ్మగారు అని మళ్ళీ దొడ్డమ్మ వైపు తిరిగింది.

ఒక్క ముక్క. తినలేదు అనే ఒక్క ముక్క. అది అనేస్తే ఒక ఆడమనిషి తాళంచెవి తీసుకుని ఇంటికెళ్ళిపోతుంది, ఒక పిల్ల కన్నీళ్ళు ఆగిపోతాయి. దొడ్డమ్మ ఆ ముక్క అనలేదు. పైగా, నా మాట నమ్మకపోతే తలుపులమ్మని అడుగు అంది.

తలుపులమ్మ కుళాయి దగ్గర బిక్కచచ్చిపోయి నిలబడి ఉంది. నేను తోమే టయానికి కంచం ఖాళీగానే ఉంటదండి అంది. అందులో అబద్ధం లేదు. పల్లంరాజుగారి భార్య, మరింకేం అన్నట్టు తలూపింది. సువార్తమ్మ రూత్ వైపు కూడా చూడకుండా గేటు వైపు తిరిగింది.

కోపమొస్తే నాకు ఒళ్ళు తెలియదు, మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. వాకిలి పక్కన కుడితిగోలెం ఉంది. వెళ్ళి మోచేతి దాకా చేయి పెట్టి, అడుగున తేరిన అన్నం పిడికెడు తీసి, తెచ్చి దొడ్డమ్మ చింతపండు చాట పక్కన పెట్టాను. కుడితి కారి అరుగంతా తడిసింది.

"కంచం ఖాళీ చేసింది రూత్ కాదు, గేదెలు. పూటపూటకీ పట్టుకెళ్ళి వంపింది నువ్వు. నేను కళ్ళారా చూశాను దొడ్డమ్మా. కాదను."

దొడ్డమ్మ కాదనలేదు. చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. ఆవిడ మొహం చూస్తే ఎవరికీ ఇంకో సాక్ష్యం అక్కర్లేదు.

పెదనాన్న పేపరు దించారు. తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావా అని ముందు నన్ను అడిగారు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచరు, అప్పుడూ పెంచలేదు. తర్వాత సువార్తమ్మ వైపు చూసి చెప్పారు.

"తినలేదే. ఆ పిల్ల మా ఇంట్లోనూ తినలేదు. మా ఆవిడ అబద్ధం ఆడింది, దానికి నోరుందిగానీ బుర్ర లేదు. ఆడదాని వాగుడు పట్టుకుని వాకిట్లోకొచ్చేయడమేనా? ఇంక వెళ్ళు."

ముప్పై ఐదేళ్ళు కాపురం చేసిన భార్యని, ఎదురింటివాళ్ళ ముందు, పనిమనిషి ముందు, విదేశీ పిల్లల ముందు అలా తీసిపారేశారు. దొడ్డమ్మ మీద అంత మండిపడుతున్న నాకే చెంప మీద కొట్టినట్టయింది. దొడ్డమ్మ తల వంచుకుని, ఆ చింతపండు చాటలో వేసి, చేతులు చీరకి తుడుచుకుంది.

సువార్తమ్మ అరుగు దగ్గరికొచ్చి తాళంచెవి తీసి మళ్ళీ కొంగున ముడేసుకుంది. రూత్ దగ్గరికెళ్ళి ఆ పిల్ల రెండు చేతులూ తీసుకుని కళ్ళకద్దుకుంది. తప్పుగా అనుకున్నాను రూతమ్మా అంది. దీనికి నేను తెలుగు నుంచి ఇంగ్లీషులోకి మార్చాల్సిన అవసరం రాలేదు. రూత్ ఆవిణ్ణి కావలించుకుంది. అక్కడితో అయిపోయిందనే అందరూ అనుకున్నాం. పెదనాన్న మళ్ళీ పేపరు ఎత్తారు. ఎదురింటి పల్లంరాజుగారు నోరు పుక్కిలించడానికి వెనక్కి తిరిగారు.

సువార్తమ్మ వెళ్ళలేదు.

"నా మాట అయిపోలేదండి పాపాయమ్మగారూ," అంది. అంతదాకా అమ్మగారూ అనే మనిషి. "మీ ఇంట్లో అన్నం తినకుండా ఎవరూ లేవరన్నారు. నిజమేనండి, నేనూ తిన్నాను. ముప్పై ఏళ్ళు మీ చేలల్లో ఊడ్చాను, కోశాను. ఎక్కడ కూర్చుని తిన్నానండి? ఆ పశువుల సావిట్లో. ఆకు నేనే కోసుకొచ్చుకున్నాను, మీరు పైనుంచి వేశారు, తిని నేనే పారేశాను. మా ఆయన పోయినప్పుడు మీరు మా పాక దాకా వచ్చారు. మంచినీళ్ళిస్తే దాహం లేదన్నారు. ఎండకి మీ పెదాలు ఎండిపోయున్నాయి, నేను చూశాను."

దొడ్డమ్మ తలెత్తింది.

"ఆ పిల్లది ఎనిమిది రోజుల పట్టింపండి. శనివారం పొద్దుగూకితే తీరిపోద్ది. మీ పట్టింపు ఎప్పటికి తీరుద్దండి?"

ఏమంటోందని రూత్ నా చేయి లాగింది. నేను చెప్పలేదు, చెప్పే ఓపిక నాకు లేదు. సువార్తమ్మ గొంతు తగ్గించి, పండగ్గానీ పెళ్ళిగ్గానీ పిలవడానికొచ్చినట్టు పద్ధతిగా పిలిచింది. శనివారం రూతమ్మ పట్టింపు తీరాక మా కొత్తింట్లో అన్నం తింటుంది, మీరూ రండి, ఆ పిల్ల పక్కన ఆకు వేస్తాను, కూర్చుని తినండి అంది.

పెదనాన్న పేపరు వెనకాల నుంచి నవ్వారు.

"దీన్నా? భోజనానికా? బానే ఉంది," అన్నారు. "దీనికి ఆ మాత్రం తెలివుంటే పొద్దున్నే నా పరువు వీధిలో పడేదా? ఒసేయ్, లోపలికి నడు. గుమ్మంలో నిలబడి వినాల్సిన మాటలు కావివి."

దొడ్డమ్మ లేచింది. నేను పక్కకి జరిగి దారిచ్చాను, లోపలికి వెళ్ళిపోతుందనే అనుకున్నాను. ఆవిడ అరుగు దిగింది. మెట్టు దగ్గర కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. ఆవిడ ఏడవడం లేదు. ఆవిడ దవడ బిగుసుకుని ఉంది, మా నాన్నగారి పెళ్ళి నాటి ఫొటోలో తప్ప నేనెప్పుడూ చూడనంత నిటారుగా నిలబడింది.

"శనివారం ఎన్నింటికి రమ్మంటావు సువార్తమ్మా?"

పల్లంరాజుగారి భార్య నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. పెదనాన్న పేపరు మడిచి కుర్చీ చేతి మీద పెట్టారు. అప్పుడు కూడా గొంతు పెంచలేదు.

"ఆ ఇంట చెయ్యి కడిగితే, మళ్ళీ ఈ గుమ్మం ఎక్కక్కర్లేదు పాపాయీ," అన్నారు.

దొడ్డమ్మ ఆయన వైపు తిరగలేదు. సువార్తమ్మ చెప్పే టైము కోసం ఎదురుచూస్తూ నిలబడింది.